సన్నగీత ఎవరిది?

పోయిన వారం మీరు నన్ను ఫౌండ్రీ మెట్ల మీద వదిలేశారు. చేతిలో భూతద్దం, ఒంటి మీద కోటు లేదు, అక్టోబరు చలి. అక్కడిదాకా ఎలా వచ్చానో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను.

నా పేరు డెల్ఫీనా. ట్యూరిన్‌లో అచ్చు అక్షరాలు సీసంతో పోత పోసే మార్కీసియో వారి ఫౌండ్రీలో, ఆ అక్షరాలకి నమూనాలు గీసే గీతల గదిలో పని. రెండేళ్లుగా నేను గీసింది ఒకే ఒక్క అక్షరాల వరుస. దాని పేరు బ్రీనా. చలికాలం పొద్దున్నే కిటికీ అద్దాల మీద పేరుకునే మంచుపొరని మావాళ్లు అలా అంటారు. నిలువు గీత బొటనవేలంత లావు, అడ్డగీత వెంట్రుకంత సన్నం. రెండింటికీ మధ్య రాజీ లేదు. కుదురుగా కూర్చుని చదువుకునే పుస్తకాలకి పనికొచ్చే అక్షరం కాదది. పత్రిక అట్ట మీద, సెంటు సీసా మీద, నాటకశాల గోడ మీద పెద్దగా నిలబడి చూపుని లాక్కోవడానికే పుట్టింది.

ఏప్రిల్లో మొదటిసారి పోత పోసినప్పుడు నా పరువు పోయింది. అచ్చు వేస్తుంటే హెచ్ నడుమ ఉన్న అడ్డగీత పుటుక్కున విరిగింది. మిగతా అక్షరాల కింది పాదాలు ఊడాయి. సన్నగీతల్ని కాస్త లావు చెయ్యమని అందరూ అన్నారు. నేను చెయ్యనన్నాను. సీసం పాళ్లు కుదరలేదన్నాను, యంత్రం బాగాలేదన్నాను, గీత మాత్రం మార్చేది లేదన్నాను. అక్టోబరు మొదట్లో రెండో పోత వచ్చింది. ఒక్క గీత విరగలేదు. అచ్చు చూసి గదంతా చప్పట్లు కొట్టింది. మిలాన్‌లో 'ఫిలిగ్రానా' అనే ఆడవాళ్ల పత్రిక ఉంది. దాని తరఫున సిన్యోరా త్రెజ్జి గురువారం సాయంత్రం నాలుగింటికి వస్తున్నానని తంతి కొట్టింది. పత్రిక పేరూ, లోపలి శీర్షికలూ అన్నీ ఇక బ్రీనాలోనే. నేను సంతకం పెడితే నా పేరు ఫౌండ్రీ నమూనా పుస్తకంలోకి ఎక్కుతుంది. డెబ్భై ఏళ్లుగా అచ్చవుతున్న ఆ పుస్తకంలో ఆడమనిషి పేరు ఇప్పటిదాకా ఒక్కటి లేదు.

గురువారం పొద్దున, ముచ్చట తీరా చూసుకుందామని, అచ్చు కాగితం మీద భూతద్దం పెట్టాను. కొలబద్ద కూడా పెట్టాను. లావు గీతలు నావే. సన్నగీతలు నావి కావు.

*

చెక్కుడు గది మేడమీద ఉంటుంది. అందులో ముప్పై అయిదేళ్లుగా ఉన్న మనిషి సెకొందో క్రవేరో. ఫౌండ్రీలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే చెయ్యి వణుకుతుందని చెప్పి తలుపు వేసుకుంటాడు. నేను తలుపు తట్టలేదు. మా ఊళ్లో పెద్దమనుషుల్ని మోన్సు అనీ, పెళ్లికాని పిల్లల్ని తోతా అనీ పిలుస్తారు.

"మోన్సు సెకొందో, నా గీతలెందుకు మార్చారు?"

ఆయన తల ఎత్తలేదు. "తలుపు వెయ్యి తోతా, దుమ్ము వస్తుంది."

"అడిగినదానికి చెప్పండి."

"నేను ఒక్క గీత ముట్టుకోలేదు. పలకలు ఆ అలమరలో ఉన్నాయి. కొలుచుకో."

కొలుచుకున్నాను. నేను గీసిన పెద్ద అక్షరాలని ఇత్తడి పలకల మీద గాడిలా తవ్వుతారు. ఆ పలకే చెక్కుడు యంత్రానికి ఆధారం. ఎ నుంచి మొదలుపెట్టి ఎం దాకా పదమూడు పలకలు కొలిచాను. ప్రతి గాడీ నా గీతే, వెంట్రుకవాసి తేడా లేదు. మళ్లీ అచ్చు కాగితం చూశాను. ఇక్కడ గీత ఒకటిన్నర రెట్లు ఉంది. పలకా అబద్ధం చెప్పడం లేదు, కాగితమూ అబద్ధం చెప్పడం లేదు. అక్కడున్న ముక్కాలి పీట మీద కూలబడ్డాను.

"మీరు ముట్టుకోలేదు. నేను మార్చలేదు. మరి సీసం తనంతట తనే లావెక్కిందా?"

"అన్నం తినే వాళ్లు లావెక్కుతారు గాని సీసం ఎందుకెక్కుతుంది?" అని ఆయన యంత్రం ఆపాడు. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. సొరుగు లాగి చిన్న ఉక్కు ములుకులు వరుసగా పెట్టాడు. ఒక్కోదాని మీదా ఒక్కో అంకె, ఒకటి నుంచి ఎనిమిది దాకా, అంకె తగ్గేకొద్దీ ములుకు సన్నం. "ఇవేంటో తెలుసా?"

"గాడిలో తిరిగే ములుకులు. నాకు పాఠం చెప్పకండి."

"ఎవరికో ఒకరికి చెప్పాలిగా, నువ్వు గీసేదానివే గాని చెక్కేదానివి కాదు. ఇటు ములుకు గాడిలో నడుస్తుంటే, అటు కొసన కత్తి అదే దారిలో చిన్న ఇత్తడి దిమ్మని తవ్వుతుంది. ఆ దిమ్మలో సీసం పోస్తే నీ అక్షరం. అవునా? ఈ గదిలో ఎప్పుడూ అయిదో నంబరు ములుకే వాడతాం. అంతకంటే సన్నటిది పెడితే అది గాడి గోడని మరింత ఆనుకుని పోతుంది. అప్పుడు దిమ్మలో తవ్వు పెరుగుతుంది. అక్షరానికి రెండు పక్కలా ఒక పిసరు ఎక్కువొస్తుంది."

"అన్ని గీతలూ సమానంగా పెరగాలి కదా. లావు గీత కూడా పెరగాలి."

"పెరిగింది. బొటనవేలికి పిసరు కలిపితే ఎవడు చూస్తాడు? వెంట్రుకకి కలిపితే సగానికి సగం పెరిగినట్టే."

అంత తేలిక. రెండేళ్లు నేను కంట్లో వత్తులు వేసుకుని గీసిన గీతని ఒక ఉక్కు పుల్ల మార్చి తీసి పారేశారు. కోపం వచ్చింది. ఆ వెంటనే అచ్చులో ఆ హెచ్ ఎంత బాగుందో గుర్తొచ్చి, కోపం ఎవరి మీద చూపించాలో తెలియకుండా పోయింది.

"ములుకు మార్చమని ఎవరు చెప్పారు?"

ఆయన చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. అందులో ఒక నంబరు కాదు, వరుసగా ఇరవై ఆరు అక్షరాలు, ఒక్కోదాని పక్కన ఒక్కో అంకె. బి కి అయిదు, మార్పు లేదు. హెచ్‌కి మూడు. ఎం కి నాలుగు, దాని ఎడమ కాలికి మాత్రం మూడు. ఓ పక్కన నాలుగు అని రాసి, కొట్టేసి, మళ్లీ అయిదు అని రాసి ఉంది. ఎవరో ప్రతి అక్షరం ముందూ కూర్చుని, దానికి ఎంత సాయం కావాలో అంతే ఇచ్చారు.

ఆ రాత గీతల గది రాత. మా గదిలో చేరినవాళ్లెవరికైనా మొదటి ఆరునెలలు ఇంకే పనీ ఇవ్వరు, ఆ రాతే దిద్దిస్తారు. ఆరునెలలయ్యాక ఎవరి రాత ఎవరిదో రాసినవాళ్లు కూడా పోల్చుకోలేరు. నేను రాసినా అచ్చం అలాగే ఉంటుంది. ఒక్క క్షణం నేనే రాశానేమోనని కూడా అనుకున్నాను, నిద్రలో లేచి.

"ఇది చూసి నేనే పంపాననుకున్నారా?"

"అనుకుందామని చూశాను. ముందు ఎ చెక్కాను. చెక్కాక ఇంకేం అడగాలనిపించలేదు."

"ఎవరు తెచ్చిచ్చారు మోన్సు సెకొందో?"

"నువ్వు కూర్చునే కుర్చీలో నీకంటే ముందు కూర్చున్నావిడ. అంతకు మించి నన్నడగకు. పన్నెండు కొట్టారు, ఇంటికెళ్లి భోంచెయ్."

"నాకు ఆకలి లేదు."

"ఆకలి సంగతి నేనడగలేదు. ఇంటికెళ్లమన్నాను."

*

ట్రాములో కిటికీ పక్కన కూర్చుని, నాకంటే ముందు ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో లెక్క తీశాను. నేను చేరేనాటికి అక్కడ ముసలి మాస్టరు ఉన్నాడు, ఆయన చనిపోయాడు. ఆయనకంటే ముందు ఇంకో మగమనిషి. ఆవిడ అన్నాడు సెకొందో. ఆడవాళ్లెవరూ నాకు తట్టలేదు. మా అమ్మ పెళ్లికి ముందు ఫౌండ్రీలో పనిచేసిన మాట నిజమే గాని, కుంచెలు కడిగి కాగితాలు కత్తిరించేదాన్నని తనే చెప్పింది. అమ్మ ఇంట్లో రాయగా నేను చూసిందీ లేదు. సరుకుల చిట్టా కూడా బుర్రలోనే పెట్టుకుంటుంది. నేను తెలివైనదాన్నని ఇరవై తొమ్మిదేళ్లు నమ్మాను. ట్రాము దిగి మూడంతస్తులు ఎక్కేదాకా నా బుర్ర వెలగలేదు.

గురువారం కాబట్టి అమ్మ న్యోక్కి చేస్తోంది. ఉడకబెట్టిన బంగాళదుంప ముద్దని పామి, వేలెడు ముక్కలు కోసి, ఒక్కోదాన్నీ ఫోర్కు మీద దొర్లిస్తోంది. ప్రతి ముక్క మీదా నాలుగు చాళ్లు, ఒకేలా. తల తిప్పి నన్ను చూసింది.

"సెకొందో చెప్పేశాడా?"

"చెప్పలేదు, ఇంటికెళ్లమన్నాడు" అన్నాను.

"చెప్పడమంటే అదే మరి. నోరు మూసుకోవడం వాడికి కుర్రతనంలోనూ చేతకాలేదు. చెయ్యి కడుక్కో."

"అమ్మా, కుంచెలు కడిగేదాన్నన్నావు."

"కడిగాను. నావి నేను కడుక్కునేదాన్ని." పిండి అంటిన చేతుల్ని నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని కూర్చుంది. "అప్పట్లో గదిలో పద్ధతి వేరు. మాస్టర్లు లావు గీతలు వేసేవాళ్లు. సన్నగీతల దగ్గరికొచ్చేసరికి వాళ్ల చేతులు వణికేవి, పొద్దున్నే తాగే గ్లాసు ద్రాక్షసారా వల్ల. అందుకని ఆడపిల్లల్ని పెట్టారు. అయిదుగురం ఉండేవాళ్లం. వాళ్లు నిలువులు వేసి లేస్తే మేం కూర్చుని సన్నగీతలు పూర్తిచేసేవాళ్లం. సాయంత్రం మాస్టరు వచ్చి కింద సంతకం పెట్టేవాడు. తొమ్మిదేళ్లు ఆ పనే. పెళ్లయిన రోజే పంపించేశారు, పెళ్లయినవాళ్ల చెయ్యి బరువెక్కుతుందని."

"ఆ నమూనా పుస్తకంలో ఉన్నవన్నీ..."

"ఉన్నవాటిలో సగం. ఎవరి గీత ఎవరిదో అడిగితే ఇప్పటికీ చెబుతాను."

నా గీతలు తను ఎప్పుడు చూసిందని అడిగాను. ఆగస్టు సెలవుల్లో ఫౌండ్రీ మూసినప్పుడు నేనే కాగితాలు ఇంటికి తెచ్చి వంటింటి గోడకి వరుసగా అంటించాను. నెల్లాళ్లు అవి అక్కడే ఉన్నాయి. అమ్మ వాటికి ఎదురుగా నిలబడి బట్టలు ఇస్త్రీ చేసింది. మా నాన్న యుద్ధం నుంచి తెచ్చుకున్న దుర్భిణీ కూడా ఆ నెల్లాళ్లూ ఇస్త్రీ బల్ల మీదే ఉండేది. ఎదురింటివాళ్ల గుట్టు చూస్తున్నావా అని నేను వేళాకోళం చేశాను కూడా.

"తిరగేసి పట్టుకుంటే పెద్దది చిన్నదిగా కనిపిస్తుంది పిచ్చిమొహమా. పత్రిక మీద ఎలా ఉంటుందో అలా. నీ హెచ్‌ని అలా చూస్తే రెండు స్తంభాలు కనిపించాయి, నడుమ ఏమీ లేదు."

"అది గాలిలా ఉండాలనే..."

"నిలువులు బాగా వేశావు డెల్ఫీ. అంత బాగా వేసినవాళ్లని నేను చూడలేదు. సన్నగీత దగ్గరికొచ్చేసరికి నీ చెయ్యి ఎంత గొప్పదో అందరికీ చూపించాలనుకున్నావు. సన్నగీత ఉన్నది రెండు నిలువుల్నీ పట్టుకుని నిలబెట్టడానికి. నిన్ను నిలబెట్టడానికి కాదు."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. మండినా, ఆ మాట నిజమని పొద్దున భూతద్దంలోంచి నా కంటితో నేనే చూశాను కదా.

"నాకు చెప్పొచ్చుగా. దొంగచాటుగా సెకొందో దగ్గరికి ఎందుకెళ్లావు?"

"చెప్పాను. ఏప్రిల్లో, నీ అక్షరాలు విరిగిన రాత్రి. హెచ్ నడుం కాస్త గట్టిగా ఉంటే బావుణ్ణు అన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. నువ్వు గుండీల కాజాలు కుట్టుకో అమ్మా అన్నాను. ఒక దర్జీ కోసం అమ్మ ఇంట్లో కాజాలు కుడుతుంది, మేం దాని మీదే బతికిన రోజులున్నాయి. ఆ మాట అన్నప్పుడు నేను తల కూడా ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తలేకపోయాను.

నీళ్లు మరుగుతున్నాయి. అమ్మ లేచి న్యోక్కిని అందులో జారవిడిచింది.

"నాలుగింటికి నేను సంతకం పెట్టాల్సిన కాగితంలో ఒక వాక్యం ఉందమ్మా. ఇందులో ప్రతి గీతా నా చేతి గీతే అని."

"పెట్టు."

"ఎలా పెట్టను? అబద్ధం కదా."

"తొమ్మిదేళ్లు మా గీతల కింద ఎవరెవరో సంతకాలు పెట్టారు. వాళ్లకి నిద్ర పట్టింది. నీకూ పడుతుంది."

"వాళ్లు చేసిందే నన్నూ చెయ్యమంటున్నావా? నీ గీత కింద నా పేరు రాసుకుంటే వాళ్లకీ నాకూ ఏమిటి తేడా?"

అమ్మ గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది. నేను పుట్టాక అమ్మ కళ్లల్లో అంత కోపం చూడలేదు. "తేడా ఏమిటో చెప్పనా? ఆ పుస్తకంలో అయిదుగురు ఆడపిల్లల చేతులున్నాయి, పేరు మాత్రం ఒక్కరిదీ లేదు. ఇన్నాళ్లకి మనలో ఒకరి పేరు పడబోతోంది. అది నాదైతే ఏమిటి, నీదైతే ఏమిటి? దాన్ని నీ చేత్తో నువ్వే గీకేసుకుని వస్తావా? వినుకో. ఆ గదిలో నా పేరెత్తావంటే మళ్లీ నాతో మాట్లాడకు. కూర్చుని తిను, చల్లారిపోతాయి."

తిన్నాను. రుచి తెలియలేదు. అమ్మ చెప్పింది సబబుగానే ఉంది. నేనన్నదీ సబబుగానే ఉంది. రెండూ సబబైనప్పుడు మనిషి ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. మెట్లు దిగేటప్పుడు సంతకం పెడదామనుకున్నాను. ట్రాము ఎక్కేటప్పుడు వద్దనుకున్నాను. ఫౌండ్రీ గేటు దగ్గర మళ్లీ పెడదామనుకున్నాను. నా మీద నాకే చిరాకేసింది.

*

సిన్యోరా త్రెజ్జి బూడిదరంగు సూటు వేసుకుని, చేతిజోళ్లు తియ్యకుండానే మాట్లాడే మనిషి. యాభై ఏళ్లుంటాయి. మా యజమాని మార్కీసియోని అందరం బిరుదు పెట్టి కవలియేరే అంటాం. ఆయన ఆవిడకి కాఫీ తెప్పించి, గదిలో ఉన్న మంచి కుర్చీ వేయించారు. ఆవిడ కూర్చోలేదు. అచ్చు కాగితాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది.

"ఈ అమ్మాయేనా?"

"తోతా డెల్ఫీనా బొంజొవాన్ని" అన్నారు కవలియేరే, నన్ను తనే కన్నంత గర్వంగా. ఆయనకి అరవై దగ్గర పడ్డాయి. తండ్రి పోయాక ఫౌండ్రీ చేతికొచ్చింది గాని, కుర్రతనంలో ఆయన కూడా గీతల గదిలో దిద్దినవారే.

కాగితం బల్ల మీద పరిచారు. ఆ వాక్యం అడుగున ఉంది. దాని కింద నా పేరు టైపు కొట్టి ఉంది, పక్కన ఖాళీ గీత. కవలియేరే తన కలం మూత తీసి నా చేతికిచ్చారు. కలం బరువుగా ఉంది. కాగితం మీద ఆనించాను. సిరా ఒక చుక్క పడింది.

"ఏమ్మా, రాయడం మర్చిపోయావా?" అంది సిన్యోరా.

"ఇందులో లావు గీతలు నావి" అన్నాను. "సన్నగీతలు నావి కావు. నేను గీసినవి ఏప్రిల్లో విరిగిపోయాయి. ఇవి వేరేవాళ్లు సరిచేసినవి. నాకు ఇవాళ పొద్దునే తెలిసింది."

కవలియేరే మొహంలో రంగు మారింది. "చిన్న సవరణ అయ్యుంటుంది సిన్యోరా, చెక్కేటప్పుడు మామూలే, ఈ పిల్లకి చాదస్తం..."

ఆవిడ చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. చేతిజోడు తీసి, గోటితో హెచ్ నడుమ గీత వెంబడి మెల్లగా గీసింది. "ఏప్రిల్ అచ్చు మీరు నాకూ పంపారు. చూసి బుట్టలో వేశాను. లావు గీతలు గీసేవాళ్లు మిలాన్‌లో వీధికి ముగ్గురున్నారు. నేను డబ్బు పోసి కొంటున్నది ఈ సన్నగీతల్ని. ఇవి ఎవరివి?"

నేను చెప్పకూడదు. చెబితే అమ్మ మాట్లాడదు. చెప్పకపోతే ఈవిడ ఆరూ ఇరవై మిలాన్ రైలుకి వెళ్లిపోతుంది, బ్రీనా అటకెక్కుతుంది, అమ్మ గీతలు కూడా దానితోపాటే అటకెక్కుతాయి. తలుపు దగ్గర ఎప్పుడు వచ్చాడో సెకొందో నిలబడి ఉన్నాడు. ఆయన వైపు చూశాను, ఏమైనా చెబుతాడేమోనని. పొద్దున నోరు మూసుకోలేనివాడు ఇప్పుడు గుటకలు మింగుతున్నాడు.

"మా అమ్మవి" అన్నాను. "ఎర్సీలియా. ఎర్సీలియా బొంజొవాన్ని."

కవలియేరే నా చేతిలోంచి కలం తీసుకున్నారు. కోప్పడతారనుకున్నాను. ఆయన కాగితాన్ని తన వైపు తిప్పుకుని, టైపు కొట్టిన నా పేరు మీద ఒక గీత గీశారు. నిదానంగా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా. దాని పైన గీతల గది రాతలో ఒక పేరు రాశారు. ఎర్సీలియా ఒదాస్సో. ఒదాస్సో మా అమ్మ పుట్టింటి పేరు. ఆ గదిలో ఆ పేరు నేను పలకలేదు.

నాకు అదేమీ పట్టలేదు అప్పుడు. కొట్టేసిన నా పేరే కనిపిస్తోంది. రెండేళ్లు ఆదివారాలు కూడా మానుకుని గీశాను. సిగ్గు లేకుండా అడిగేశాను. "ఆవిడవి సన్నగీతలే కవలియేరే. లావు గీతలు నావి, నిలువులన్నీ నావి. రెండు పేర్లు రాయొచ్చుగా. నా పేరు మొత్తం ఎందుకు కొట్టేశారు?"

ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, ఏదో బరువు దించుకునే మనిషి చూపులా ఉంది.

"సన్నగీతల సంగతేనా? మీ అమ్మ నీకు అంతవరకే చెప్పిందా తోతా?"

లేచి గోడలో ఉన్న ఇనప్పెట్టె తెరిచారు. అడుగు నుంచి ఒక అట్ట సంచీ తీసి, తాడు విప్పి, అందులోని కాగితాన్ని బల్ల మీద నా ముందు పెట్టారు. "ఇది మీ అమ్మ గీసింది, నిలువుతో సహా" అన్నారు. పసుపెక్కిన కాగితం. దాని మీద జానెడు ఎత్తున ఆర్ అక్షరం ఒక్కటే, పూర్తిగా సిరా దిద్ది ఉంది.

బ్రీనాలో అన్నిటికంటే నన్ను ఏడిపించింది ఆర్ కాలు. నిటారుగా దిగి, చివర్లో నేలని తాకీ తాకకుండా పైకి మళ్లుతుంది. ఆ మళ్లింపు కుదరక నలభై కాగితాలు చించాను. కుదిరిన రోజు ఏడ్చాను. లోకంలో ఇంకెవరికీ తట్టని కాలు అనుకున్నాను.

ఆ పసుపు కాగితం మీద అదే కాలు ఉంది. అదే లావు, అదే వంపు, చివర్లో అదే మళ్లింపు. సెకొందో దగ్గరికొచ్చి చూసి టోపీ తీశాడు. సిన్యోరా త్రెజ్జి నా అచ్చునీ ఆ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూసింది.

కాగితం అడుగున మాస్టరు సంతకం లేదు. తారీఖు మాత్రం ఉంది. 1927, మార్చి పదకొండు. అప్పటికి నేనింకా పుట్టలేదు.